కండ కదలిక గుట్టు విప్పిన జీన్ హాన్సన్

ఈ ప్రసంగం వింటున్న మీలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు చాలామంది ఉంటారు. గిలకలదిండి రేవులో వలలు లాగేవాళ్లు, మొవ్వ, ఘంటసాల, చల్లపల్లి పొలాల్లో పొద్దస్తమానం నడుము వంచి ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లు, నాగాయలంక వైపు గడ వేసి పడవ నడిపేవాళ్లు, గుడివాడ రైసు మిల్లుల దగ్గర బస్తాలెత్తే ముఠా కూలీలు. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. అర్ధరాత్రి పిక్క పట్టేసి ఉలిక్కిపడి లేస్తారు. ఇంత చాకిరీ చేసే కండ అసలు ఎలా ముడుచుకుంటుంది, ఎలా సాగుతుంది అన్న ప్రశ్న చాలా పాతది. దానికి నికరమైన జవాబు 1954లో వచ్చింది. ఆ జవాబు కనిపెట్టినవాళ్లలో ఒకరు మహిళ. పేరు ఎమ్మెలిన్ జీన్ హాన్సన్. అందరూ జీన్ హాన్సన్ అనేవారు. ఇవాళ ఆమె గురించీ, ఆమె చేసిన పని గురించీ చెబుతాను.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు జారుడు తంతు సిద్ధాంతం, అదే స్లైడింగ్ ఫిలమెంట్ సిద్ధాంతం, గుర్తుండే ఉంటుంది. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాళ్లు మన బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో ఎందరో. ఆ బొమ్మ మొదట ఎవరి బుర్రలో పుట్టిందని అడిగితే, తెలిసినవాళ్లు హక్స్‌లీ పేరు చెబుతారు. హాన్సన్ పేరు చెప్పేవాళ్లు అరుదు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకు అన్యాయమో తెలియాలంటే ఆమె పనిని కాస్త దగ్గరగా చూడాలి.

జీన్ హాన్సన్ 1919 నవంబర్ 14న ఇంగ్లండులోని డెర్బీషైర్ ప్రాంతంలో, న్యూహాల్ అనే ఊళ్లో పుట్టారు. అది బొగ్గు గనుల సీమ. ఆమెకు ఊహ తెలియకముందే తండ్రి పోయారు. తల్లి బడిలో పాఠాలు చెప్పి, ఆ జీతంతో ఒక్కగానొక్క కూతుర్ని పెంచి చదివించారు. బర్టన్‌లోని ఆడపిల్లల హైస్కూల్లో చదువు ముగించుకుని జీన్ లండన్‌లోని బెడ్‌ఫర్డ్ కాలేజీలో చేరారు. ఆడవాళ్ల ఉన్నత చదువు కోసమే పెట్టిన కాలేజీ అది. 1941లో జంతుశాస్త్రంలో మొదటి తరగతిలో డిగ్రీ తీసుకున్నారు. అప్పటికే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. పరిశోధన మొదలుపెట్టినా యుద్ధం వల్ల అది మధ్యలో ఆగింది. 1944 నుంచి అదే కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశారు.

ఆమె డాక్టరేటుకు ఎంచుకున్న విషయం చాలామంది ముఖం చిట్లించుకునేది. వానపాము జాతి పురుగుల్లో రక్తనాళాలు ఎలా ఉంటాయన్నది ఆ పరిశోధన. మన కాలవ గట్ల మీద పిల్లలు గాలానికి ఎర కోసం తవ్వుకునే ఎర్రల్లాంటివే ఆ పురుగులు. ఇలాంటి చిన్న ప్రాణుల్ని కోసి, పొర పొరగా చూసి, చూసింది చూసినట్టు గీసే అలవాటు జంతుశాస్త్రం చదివినవాళ్లకు ఒంటబడుతుంది. ఆమె తర్వాత సాధించిన దానికంతటికీ పునాది ఆ అలవాటేనని నేననుకుంటాను. డాక్టరేటు చేతికి వచ్చేసరికి 1951 అయింది. అప్పటికే ఆమె మరో దారి పట్టారు.

1948లో ఆమె లండన్ కింగ్స్ కాలేజీకి వెళ్లారు. అక్కడ జాన్ రాండల్ అనే భౌతిక శాస్త్రవేత్త కొత్తగా జీవభౌతిక పరిశోధన విభాగం పెట్టారు. యుద్ధకాలంలో రాడార్‌కు కావలసిన మాగ్నెట్రాన్‌ను కనిపెట్టిన ఇద్దరిలో ఆయన ఒకరు. యుద్ధం ముగిశాక, జీవుల్ని భౌతికశాస్త్రం పనిముట్లతో చూడాలన్న పట్టుదల ఆయనకు కలిగింది. ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి డబ్బిచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది భౌతిక శాస్త్రవేత్తలు. యంత్రాలు తయారుచేయడం వాళ్లకు వచ్చు, జీవకణం గురించి తెలిసింది తక్కువ. ఆ లోటు తీర్చిన జీవశాస్త్రజ్ఞుల్లో హాన్సన్ ఒకరు. 1951 జనవరిలో డీఎన్‌ఏ మీద పనిచేయడానికి రోజాలిండ్ ఫ్రాంక్లిన్ చేరింది కూడా ఈ విభాగంలోనే. ఫ్రాంక్లిన్ కథ ఇవాళ లోకానికి తెలుసు. అదే కప్పు కింద ఆ రోజుల్లోనే పనిచేసిన హాన్సన్ కథ అంతగా తెలియదు.

ఇక కండ దగ్గరికి వద్దాం. కండను పీచు పీచుగా విడదీస్తే వెంట్రుకంత మందమో, అంతకన్నా సన్నమో ఉండే పోగులు వస్తాయి. ఒక్కో పోగు లోపల మళ్లీ వందలకొద్దీ సన్నటి పోగులుంటాయి. వాటి మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు. మయోఫైబ్రిల్స్ అంటారు వాటిని. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ పోగు పొడుగునా ఒక నల్ల పట్టీ, ఒక తెల్ల పట్టీ, మళ్లీ నల్ల పట్టీ, మళ్లీ తెల్ల పట్టీ కనిపిస్తాయి. తెల్ల పట్టీ నడుమ సన్నని గీత ఒకటి. ఒక గీత నుంచి తర్వాతి గీత దాకా ఒక అర, దాన్నే సార్కోమియర్ అంటారు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు, రెండున్నర భాగాలంత పొడుగు ఆ అర. అంటే ఒక్క సెంటీమీటరు కండలో ఇలాంటి అరలు 4,000 నుంచి 5,000 దాకా వరసగా ఉంటాయి. మీ ముంజేతిలో, పిక్కలో, మీరు వండుకునే రొయ్య తోకలో, పీత డెక్కలో కూడా ఈ చారలే.

చారలున్నాయని పందొమ్మిదో శతాబ్దంలోనే తెలుసు. కండలో మయోసిన్ అనే ప్రోటీనూ, ఆక్టిన్ అనే ప్రోటీనూ ఉన్నాయని 1940ల నాటికి తెలిసింది. రెండో యుద్ధ కాలంలో హంగేరీలోని సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్-జార్జీ ప్రయోగశాలలో ఆ పని జరిగింది. అందులో ఇలోనా బాంగా అనే మహిళ చేయి ఉంది. అయితే ఏ ప్రోటీను ఏ పట్టీలో ఉందో, ముడుచుకునేటప్పుడు లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. పొడవాటి ప్రోటీను అణువులే మడతలు పడి పొట్టివవుతాయని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవారు. కండ పొట్టిదైతే అందులోని పోగులూ పొట్టివి కావాలి కదా అని ఎవరికైనా తోస్తుంది.

హాన్సన్ చేసింది చూడటానికి చిన్న పనే. కుందేలు నడుము లోపలి కండను తీసి, గ్లిసరాల్ కలిపిన నీళ్లలో చలువలో రోజుల తరబడి ఉంచడం సెంట్-జార్జీ నేర్పిన పద్ధతి. అలా ఉంచితే కణం పొర పాడైపోతుంది, అందులో కరిగి ఉన్నవన్నీ బయటికి పోతాయి, ముడుచుకునే యంత్రాంగం మాత్రం చెడకుండా మిగులుతుంది. ఆ కండను చిలికి విడి మయోఫైబ్రిల్స్ తీశారు. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. రంగులు అద్ది చంపకుండానే పారదర్శకమైన వాటిని చూపించే పరికరం అది. దాన్ని కనిపెట్టిన జెర్నికేకు నోబెల్ బహుమతి వచ్చింది 1953లో. హాన్సన్ చేతిలో అప్పటికే అది పని చేస్తోంది. గాజు పలక అంచున కండకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం చుక్క వేస్తే, కుందేలు ఎప్పుడో చచ్చినా ఆ పోగు ఆమె కళ్లముందే ముడుచుకునేది.

ఇక్కడ మన మనిషి ఒకడు ఈ కథలోకి వస్తాడు. గుడివాడలో రైలెక్కి కైకలూరు, ఆకివీడు మీదుగా వెళితే భీమవరం. ఆ భీమవరంలో 1895లో పుట్టినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికా వెళ్లి హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, కండలో భాస్వరం ఎక్కడెక్కడ ఏ రూపంలో ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని తర్వాత తరాల జీవరసాయన విద్యార్థులంతా నేర్చుకున్నారు. 1927లో ఆ ఇద్దరూ కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వరపు పదార్థం ఉందని చాటారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడు విడిగా ఆ పని చేశాడు. కండకు శక్తి లాక్టిక్ ఆమ్లం తయారవడం నుంచి వస్తుందన్న సిద్ధాంతానికి అప్పటికే గొప్ప పేరు. 1922 నోబెల్ బహుమతి కండ మీద పనిచేసిన హిల్‌కూ, మేయర్‌హాఫ్‌కూ ఇచ్చారు. భీమవరం మనిషి తేల్చిన భాస్వరం లెక్క ఆ సిద్ధాంతాన్ని కదిలించింది. హాన్సన్ గాజు పలక మీద వేసిన చుక్కలో ఉన్నది ఆ ఏటీపీయే. సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. హాన్సన్ కింగ్స్ కాలేజీలో చేరిందీ ఆ ఏడాదే. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు. శాస్త్రంలో చుట్టరికాలు ఇలాగే ఉంటాయి.

1952లో హాన్సన్ ఒక్కరే తన పేరు మీద నేచర్ పత్రికలో చిన్న వ్యాసం అచ్చు వేశారు. ఏటీపీ వేసినప్పుడు మయోఫైబ్రిల్ మీద చారలు ఎలా మారతాయన్నదే విషయం. దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆమె ఎవరి వెనకో నడిచి పేరు పంచుకున్న మనిషి కాదనడానికి ఇది రుజువు. తర్వాత జోడీ కట్టే భాగస్వామిని కలవకముందే ఆమె అసలు ప్రశ్నను చేతికి తీసుకున్నారు, దాన్ని అడగడానికి కావలసిన పద్ధతినీ సిద్ధం చేసుకున్నారు.

1953 మొదట్లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద ఆమె అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు వెళ్లారు. ఫ్రాన్సిస్ ష్మిట్ ప్రయోగశాల అది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పని నేర్చుకోవాలని వెళ్లారు. అదే పని మీద కేంబ్రిడ్జి నుంచి వచ్చిన హ్యూ హక్స్‌లీ అనే కుర్రవాడు అప్పటికే అక్కడ ఉన్నాడు. అతను భౌతికశాస్త్రం చదివినవాడు, ఎక్స్‌కిరణాలతో కప్ప కండను పరీక్షించి డాక్టరేటు తీసుకున్నవాడు. కండలో రెండు రకాల తంతువులు ఒకదాని పక్కన ఒకటి క్రమంగా పేర్చి ఉన్నాయని అతనికి అనుమానం. అతనికి తెలిసింది తంతువుల అమరిక. ఆమెకు తెలిసింది బతికున్నట్టే ముడుచుకునే పోగును కంటితో చూడటం. ఇద్దరూ కలిశారు.

మొదట వాళ్లు చేసిన ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. ఉప్పు గాఢంగా ఉన్న ద్రావణం పోస్తే మయోసిన్ కరిగిపోయి బయటికి వచ్చేస్తుందని రసాయన శాస్త్రజ్ఞులకు తెలుసు. సూక్ష్మదర్శిని కింద పోగు ఉండగానే ఆ ద్రావణం పోశారు. చూస్తుండగానే నల్ల పట్టీ మాయమైంది! తెల్ల పట్టీలు మాత్రం నిలిచాయి. అంటే నల్లదనమంతా మయోసిన్‌దే. మిగిలిన ఆక్టిన్ తంతువులు ఆ నడిమి గీత నుంచి బయలుదేరి నల్ల పట్టీ ఉన్న చోటి లోపలి దాకా వచ్చి ఆగుతున్నాయి. ఎవరూ రంగులద్దలేదు, ఊహించి గీయలేదు. ఒక ప్రోటీను పోతే ఒక పట్టీ పోయింది. ఇంతకన్నా సూటిగా ప్రకృతిని ప్రశ్న అడగడం కష్టం. మందమైన మయోసిన్ తంతువులు నడుమ, సన్నని ఆక్టిన్ తంతువులు రెండు వైపులా, వాటి కొసలు ఒకదాని సందుల్లోకి ఒకటి. ఈ నిర్మాణం వరకు 1953లో నేచర్‌లో ప్రకటించారు. కదలిక గురించి ఆధారాలు చేతికొచ్చేదాకా నోరు విప్పలేదు.

తర్వాత కొలతలు మొదలయ్యాయి. పోగు ముడుచుకునే కొద్దీ తెల్ల పట్టీ కురచవుతోంది. నల్ల పట్టీ పొడవు మాత్రం మారడం లేదు. నల్ల పట్టీ నడుమ పలచగా కనిపించే చోటు కూడా మూసుకుపోతోంది. పోగును సాగదీస్తే తెల్ల పట్టీ మళ్లీ పెరుగుతోంది, నడిమి పలచని చోటు మళ్లీ తెరుచుకుంటోంది.

రేడియో దగ్గర కూర్చున్నవాళ్లు ఒక్క క్షణం నేను చెప్పినట్టు చేయండి. రెండు అరచేతులూ మీ వైపు తిప్పి, ఈ చేతి వేళ్ల సందుల్లోకి ఆ చేతి వేళ్లు గోళ్ల మేరకు పోనివ్వండి. ఇప్పుడు మెల్లగా ఇంకా లోపలికి జరపండి. రెండు మణికట్ల మధ్య దూరం తగ్గింది కదా. ఏ వేలైనా పొట్టిదైందా? కాలేదు. కండలో జరిగేది ఇదే. తంతువులు మడత పడవు, పొట్టివి కావు. ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయి. అర పొట్టిదవుతుంది. సెంటీమీటరుకు నాలుగైదు వేల అరలు ఒక్కసారిగా పొట్టివైతే మోచెయ్యి వంగుతుంది, వల ఒడ్డుకు వస్తుంది.

1954 మే 22 నాటి నేచర్ సంచికలో ఈ సంగతి అచ్చయింది. ఒకే సంచికలో, పక్క పక్క పుటల్లో రెండు వ్యాసాలు. ఒకటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. రెండోది ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె రాసింది. వాళ్లు కప్ప కండలోని బతికున్న పోగుల్ని మరో రకం సూక్ష్మదర్శినితో చూసి అదే సంగతి తేల్చారు. ఇద్దరు హక్స్‌లీలకూ బంధుత్వం లేదు. కానీ రెండు వ్యాసాల్లోనూ హక్స్‌లీ అనే పేరు ఉండటంతో, వినేవాళ్ల నోట అదొక్కటే నిలిచింది. హాన్సన్, నీడర్‌గెర్కె పక్కకు జరిగారు. ఆండ్రూ హక్స్‌లీకి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. అది నాడీ సంకేతాల మీద చేసిన పనికి, కండ పనికి కాదు. జారుడు తంతు సిద్ధాంతానికి నోబెల్ ఎవరికీ రాలేదు. ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో బహుమతి దక్కని పెద్ద ఆవిష్కరణల్లో ఇదొకటి.

వెంటనే అందరూ ఒప్పుకున్నారనుకోకండి. మడత సిద్ధాంతం నమ్మినవాళ్లు చాలా ఏళ్లు వాదించారు. ఈ చారల లెక్క కుందేలుకో కప్పకో చెల్లుతుంది గాని, చారలే లేని కండల సంగతేమిటని అడిగారు. ఇక్కడే హాన్సన్‌లోని జంతుశాస్త్రజ్ఞురాలు ముందుకు వచ్చారు. జాక్ లోవీ అనే సహచరుడితో కలిసి ఆల్చిప్పల్ని, నత్త జాతి ప్రాణుల్ని పట్టుకున్నారు. తన పాత నేస్తం వానపామును మళ్లీ బల్ల మీదికి తెచ్చారు. దివిసీమ ఏటి మొగల్లో గుల్లలు ఏరేవాళ్లకు తెలుసు, నోరు మూసుకున్న గుల్లను చేత్తో విప్పడం ఎంత కష్టమో. ఆ మూత బిగించే కండను ఆల్చిప్పలో వాళ్లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించారు. అక్కడా రెండు రకాల తంతువులే. అక్కడా జారడానికి తగిన అమరికే. భౌతిక శాస్త్రవేత్తకు కప్ప కండ చాలు. ప్రాణి లోకం ఎంత విశాలమో తెలిసినవాళ్లకే ఇలా ప్రాణి ప్రాణికీ వెళ్లి అడగాలన్న బుద్ధి పుడుతుంది.

1963లో హాన్సన్, లోవీ ఆక్టిన్ తంతువు నిర్మాణాన్ని బయటపెట్టారు. చిన్న చిన్న గుండ్రటి అణువుల రెండు వరసలు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయని చూపించారు. కండలోనే కాదు, మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఆక్టిన్ ఉంటుంది. ఆ బొమ్మ ఇప్పటికీ పాఠ్య పుస్తకాల్లో ఉంది.

తర్వాతి తరం మరింత లోపలికి వెళ్లింది. మయోసిన్ తంతువు నుంచి చిన్న తలలు బయటికి పొడుచుకొచ్చి ఆక్టిన్‌ను పట్టుకుంటాయి, లాగుతాయి, వదులుతాయి. ఒక్కో లాగుడులో జరిగే దూరం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండకపోవచ్చు. పట్టు వదలాలంటే ఏటీపీ కావాలి. ఇందులో ఒక మాట మన బందరు చేపల బజారులో వాళ్లకు చెప్పాలి. ఒడ్డుకు తెచ్చిన చేప కాసేపటికి కర్రలా బిగుసుకుపోతుంది. ప్రాణం పోయాక కండలో ఏటీపీ అయిపోతుంది, మయోసిన్ తలలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి. అందుకే ఆ బిగువు. ఐసులో పెట్టిన చేప ఎక్కువసేపు బిగువుగా ఉంటే తాజాదని కొనేవాళ్లు వేలితో నొక్కి చూస్తారు. ఆ వేలికి తగిలేది హాన్సన్ చూసిన తంతువుల పట్టే.

ఆడవాళ్లకు శాస్త్రంలో చోటు ఎలా ఉండేదో ఇక్కడ చెప్పకపోతే కథ సగమే అవుతుంది. హాన్సన్ కన్నా ముందు తరంలో కేంబ్రిడ్జిలో డొరొతీ నీధమ్ అనే ఆవిడ జీవితమంతా కండ రసాయనం మీదే పనిచేశారు. 1948లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అంత పేరున్నా విశ్వవిద్యాలయంలో స్థిరమైన ఉద్యోగం లేకుండా, ఏ ఏటికా ఏడు దొరికే గ్రాంట్ల మీద దశాబ్దాలు గడిపారు. కండ పరిశోధన చరిత్ర మొత్తాన్ని 1971లో పెద్ద గ్రంథంగా రాసిందీ ఆవిడే. ఆ లెక్కన హాన్సన్‌కు దారి కాస్త సుగమమైంది. రాండల్ తన విభాగంలోకి ఆడవాళ్లను చాలామందినే తీసుకున్నారు. హాన్సన్ 1966లో కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు, 1967లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1970లో కండర జీవభౌతిక విభాగానికి డైరెక్టరయ్యారు. లండన్ డ్రూరీ లేన్‌లో ఆ విభాగం ఉండేది.

ఆ పదవిలో ఆమె మూడేళ్లే ఉన్నారు. 1973 ఆగస్టు 10న, హఠాత్తుగా వచ్చిన జబ్బుతో చనిపోయారు. అప్పటికి ఆమెకు 53 ఏళ్లు. ఆమెను పాతికేళ్ల కిందట ఉద్యోగంలోకి తీసుకున్న రాండలే, రాయల్ సొసైటీ కోసం ఆమె జీవిత కథ రాశారు. హ్యూ హక్స్‌లీ 2013 దాకా జీవించారు. ఉపన్యాసాలిచ్చారు, ఎన్నో గౌరవాలు అందుకున్నారు, తమ ఇద్దరి పనినీ జ్ఞాపకం చేస్తూ రాశారు. హాన్సన్‌కు తన కథ తాను చెప్పుకునే వయసు రాలేదు. ఆమె పేరు వెనకబడటానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఆమె పని మన ఊళ్లకు ఎంత దగ్గరగా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. ఆమె డైరెక్టరుగా ఉన్న రోజుల్లోనే ఆ విభాగంలో పనిచేసే జెరల్డ్ ఆఫర్, సహచరులతో కలిసి, మందమైన తంతువుల మీద చుట్టుకుని ఉండే మరో ప్రోటీనును కనిపెట్టారు. సీ-ప్రోటీన్ అని పేరు పెట్టారు. అప్పట్లో అది నిపుణులకు తప్ప ఎవరికీ పట్టని సంగతి. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్త తంగరాజ్, ఇంకా అనేక దేశాల పరిశోధకులు కలిసి నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక విషయం ప్రకటించారు. గుండె కండలో ఉండే ఆ సీ-ప్రోటీన్ జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపం దక్షిణాసియా జనంలో సుమారు నూటికి నలుగురికి ఉంది. ఆ లోపమున్నవాళ్లకు నడివయసు దాటాక గుండె కండ బలహీనపడే ముప్పు ఎక్కువ. లోపమున్న ప్రతివాళ్లకూ జబ్బు వస్తుందని కాదు, భయపడనక్కర్లేదు. కానీ ఇంట్లో ఒకరిద్దరు గుండె పెద్దదై చిన్న వయసులో పోయి ఉంటే, మిగతావాళ్లు గుండె డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. గుండె కండ మరీ మందమయ్యే జబ్బుకు 2022లో అమెరికాలో ఒక కొత్త మందుకు అనుమతి వచ్చింది. మావాకామ్టెన్ దాని పేరు. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను అతిగా పట్టుకోకుండా చూడటమే దాని పని. తంతువులు జారతాయని తెలియకపోతే ఇలాంటి మందు ఆలోచనకే రాదు.

అదే సీసీఎంబీలో జ్యోత్స్నా ధావన్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా కండ మూలకణాల మీద పనిచేశారు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీష్ ధావన్ కుమార్తె ఆమె. కండ పోగుల అంచున నిద్రపోతున్నట్టు పడి ఉండే కణాలుంటాయి. కండకు దెబ్బ తగిలితే అవి లేచి విభజన చెంది కొత్త పోగుల్ని తయారుచేస్తాయి. అవి ఎలా నిద్రపోతాయి, ఎలా మేలుకుంటాయి అన్నది ఆమె ప్రశ్న. కండర క్షీణత జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన పిల్లలున్న ఇళ్లు మన జిల్లాలోనూ ఉన్నాయి. ఆ తల్లిదండ్రులకు ఈ పరిశోధన ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. గుడివాడలో, అవనిగడ్డలో డిగ్రీ కాలేజీలున్నాయి. వీటన్నిటిలో జీవశాస్త్రం చదివే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఊడ్పులకు వెళ్లే తల్లుల కూతుళ్లు, చేపలమ్మే తల్లుల కూతుళ్లు వాళ్లలో ఉన్నారు. బొగ్గు గనుల ఊళ్లో, తండ్రి లేని ఇంట, ఒక బడిపంతులమ్మ కూతురు వానపాముతో మొదలుపెట్టి ఎంత దూరం వెళ్లిందో వాళ్లకు తెలియాలి. సిద్ధాంతం నేర్పి, దాన్ని కనిపెట్టిన మనుషుల్ని వదిలేస్తే పాఠం ఎండిపోతుంది.

అందుకే జంతుశాస్త్రం, ఫిజియాలజీ చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒకటి. ఈసారి కండ పాఠం చెప్పేటప్పుడు, సార్కోమియర్ బొమ్మ గీసే ముందు, బోర్డు మీద హక్స్‌లీ పక్కన జీన్ హాన్సన్ అని కూడా రాయండి. కింద 1954 అని వేయండి. ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరికి వచ్చినప్పుడు భీమవరం సుబ్బారావు పేరు చెప్పండి. పిల్లల చేత ఆ రెండు పేర్లూ నోట్సులో రాయించండి.